కార్టిసాల్‌ని అడ్డుకుంటే డిప్రెషన్ తగ్గుతుందా?

నిద్రలేని_పక్షి: మా అక్కకి కుషింగ్స్, అంటే ఒంట్లో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ మరీ ఎక్కువైపోయే జబ్బు. ఆపరేషన్ అయినా పూర్తిగా తగ్గలేదు. షుగర్, దానికి తోడు డిప్రెషన్. మిఫెప్రిస్టోన్ అనే మందు కార్టిసాల్ రిసెప్టర్లను (కణాల్లో ఆ హార్మోన్ అతుక్కునే చోట్లను) మూసేస్తుందట. ఎవరైనా వాడారా? మామూలు డిప్రెషన్‌కీ పనిచేస్తుందా?

వేపపుల్ల: అది అబార్షన్ మాత్ర కదండీ! డిప్రెషన్‌కి అదేంటి?

ఫార్మా_బాబాయ్: తెలియకపోతే ఊరుకోవాలి. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ రిసెప్టర్‌నీ, కార్టిసాల్ అతుక్కునే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌నీ రెండింటినీ మూస్తుంది. కుషింగ్స్‌లో షుగర్ కోసం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లోనే అనుమతిచ్చింది. ఇరవై ఏళ్లుగా ఈ లైన్లో ఉన్నా.

వేపపుల్ల: మందుల షాపులో కూర్చుంటే డాక్టరైపోరు. ఇది చదివి గర్భంతో ఉన్నవాళ్లు మింగితే?

ఫార్మా_బాబాయ్: షాపు కాదమ్మా, ప్రొడక్షన్, జీడిమెట్లలో. గర్భం లేదని తేల్చుకోకుండా ఏ డాక్టరూ రాయడు. ఊరికే భయపెట్టకు.

వేపపుల్ల: "అమ్మా" ఏంటి? నేను మగాడిని.

లూపస్_లక్ష్మి: మీ గొడవ ఆపండి. ప్రెడ్నిసోలోన్ (కార్టిసాల్‌లా పనిచేసే స్టెరాయిడ్ మందు) ఎక్కువ డోసులో ఉన్నప్పుడు రాత్రి మూడింటికి లేచి పప్పుడబ్బాలన్నీ దించి తుడిచేదాన్ని. తెల్లారితే ఒకటే ఏడుపు. మా అత్తగారు దిష్టి తీయించారు. డోసు మెల్లగా తగ్గించాకే మనిషినయ్యాను. ఈ హార్మోన్లు మెదడుని ఏం చేస్తాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఎలుకల_ల్యాబ్: ఎలుకలకు కార్టికోస్టెరాన్ (వాటి కార్టిసాల్ లాంటిది) ఎక్కిస్తే మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొత్త కణాలు పుట్టడం తగ్గింది, మిఫెప్రిస్టోన్ ఇస్తే మళ్లీ పుంజుకుంది. మనుషుల దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. భ్రమలతో కూడిన డిప్రెషన్ మీద కార్సెప్ట్ అనే మందుల కంపెనీ మిఫెప్రిస్టోన్‌తో చేసిన పెద్ద ట్రయల్స్ అనుకున్న ఫలితం ఇవ్వలేదు. రక్తంలో మందు బాగా చేరినవాళ్లకు మేలు జరిగిందని తర్వాత లెక్క తీశారు. ఫెయిలయ్యాక వెతికితే ఏదో ఒకటి దొరక్క మానదు, నేనైతే నమ్మను. కార్టిసాల్ తయారీనే తగ్గించే మెటిరాపోన్ అనే ఇంకో మందుని బ్రిటన్‌లో మొండి డిప్రెషన్‌కి ఇచ్చి చూశారు, 2016లో ఫలితాలొచ్చాయి. లాభం లేదు.

గోధుమగడ్డి: ఇదంతా ఎందుకండీ? రాత్రి పాలల్లో అశ్వగంధ. నాకు టెన్షన్ పోయింది, జుట్టు కూడా ఒత్తుగా వచ్చింది.

ఫార్మా_బాబాయ్: అశ్వగంధతో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి, తెలుసా?

గోధుమగడ్డి: మీ కంపెనీ మందులతో లేవా?

కూకట్‌పల్లి_కుర్రాడు: నాకు ఒక ల్యాబ్‌లో మధ్యాహ్నం భోజనం టైంలో రక్తం తీసి "కార్టిసాల్ తక్కువ" అన్నారు. పొద్దున ఎక్కువ, రాత్రికి తక్కువ ఉండే హార్మోన్ అది! డబ్బు వెనక్కి అడిగితే మేనేజర్ లేడన్నారు.

నిద్రలేని_పక్షి: మా అక్క సంగతి ఎవరైనా చెప్తారా?

ఎలుకల_ల్యాబ్: సారీ అండీ. రిసెప్టర్ మూస్తే కార్టిసాల్ తగ్గదు, ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆ రిపోర్టు చూసి మందు పనిచేస్తోందో లేదో చెప్పలేం. పెరిగిన కార్టిసాల్ ఇంకో రిసెప్టర్ మీద పడి పొటాషియం తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది. ఎండోక్రైనాలజిస్ట్‌ని (హార్మోన్ల డాక్టర్‌ని) ముందు ఆ రెండూ అడగండి. షుగర్ తగ్గడం, మనసు తేలికపడటమే గుర్తు.

వేపపుల్ల: పొటాషియమేగా, రోజూ రెండు అరటిపళ్లు తింటే సరి.

ఫార్మా_బాబాయ్: మళ్లీ మొదలెట్టాడు. దానికి అరటిపళ్లు చాలవు, డాక్టర్‌నే అడగాలి.