మా వర్తక సంఘంలోకి కుర్రాళ్ళు రావట్లేదు, ఏం చెయ్యాలి?

వన్‌టౌన్_స్టీలుకొట్టు:

మాది బెజవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు. తాతగారు పెట్టారు, నాన్న నడిపారు. ఆయన మోకాళ్ళు మొరాయించాక బెంగళూరు ఉద్యోగం వదిలేసి నేనొచ్చి కూర్చున్నా. నాలుగేళ్ళయింది. ఈమధ్య మా సంఘం పెద్దలు పిలిచి, "కంప్యూటర్లూ అవీ తెలిసినవాడివి" అని జాయింట్ సెక్రటరీని చేసి, "సంఘాన్ని డిజిటల్ చెయ్యి" అన్నారు. అంటే ఏవిటండీ అనడిగితే అందరూ పక్కవాళ్ళ మొహం చూశారు.

ఆఫీసు మేడ మీద. ఒక ఇనప బీరువా, దానికి రెండు తాళాలు. ఒకటి అధ్యక్షుల దగ్గర, ఒకటి కోశాధికారి గారి దగ్గర. ఇద్దరిలో ఒకరు తిరుపతి వెళ్ళారంటే ఆ వారం బీరువా తెరుచుకోదు. చందా నగదే. కోశాధికారి గారు కార్బన్ కాయితం సర్ది, బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రసీదు రాస్తారు. కింది కాపీలో అంకెలు పడ్డాయో లేదో ట్యూబ్‌లైటుకేసి ఎత్తి చూసుకుని గానీ చింపి ఇవ్వరు.

2025 సెప్టెంబరు 22 నుంచి స్టీలు గిన్నెల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ముందురోజు రాత్రే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రేట్లు మార్చుకున్నా. సంఘం సర్క్యులర్ పట్టుకుని ప్యూను వచ్చేసరికి దసరా దాటిపోయింది.

నా వంతు నేనూ ఓ తెలివితక్కువ పని చేశా. జేబులోంచి 40 వేలు పెట్టి సంఘానికి యాప్ చేయించా. 23 మంది వేసుకున్నారు. రెండోసారి తెరిచింది నలుగురు, అందులో నేనొకణ్ణి. వాట్సాప్ గ్రూపు నిండా శుభోదయం గులాబీలు. సమావేశాలు మంగళవారం పదకొండింటికి, సరిగ్గా పార్సిలాఫీసుకి సరుకు పంపే వేళ. నా వయసు వాళ్ళు మా బజార్లో ముప్పై మంది దాకా ఉన్నారు, ఒక్కడూ రాడు. "వెళ్తే ఏమొస్తుంది?" అంటాడు పక్క కొట్టువాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

ఆటోనగర్_బాబాయ్:

అబ్బాయ్, ఆ నలభై వేలతో ఓ ఆదివారం అందరికీ భోజనాలు పెట్టినా ఇంతకంటే ఎక్కువమంది వచ్చేవాళ్ళు. కోప్పడకు, నేనూ పదకొండేళ్ళు కార్యదర్శిగా చేసినవాణ్ణే.

బయటికి కనిపించేది జెండా వందనం, శాలువాలు. లోపల జరిగేది వేరు. ఖమ్మం నుంచో తెనాలి నుంచో ఓ కొత్త పార్టీ వచ్చి లక్ష రూపాయల సరుకు ఉద్దెరకి అడిగాడనుకో, మీ నాన్న ఏం చేసేవాడు? నాలుగు కొట్లకి ఫోన్ కొట్టేవాడు. "మంచోడే, కాకపోతే రెండు నెలలు తిప్పుతాడు" అని ఒకడు, "వద్దు" అని ఇంకొకడు. ఆ "వద్దు" కోసమే నేను ముప్పయ్యేళ్ళు చందా కట్టా. డబ్బు ఎగ్గొట్టినవాణ్ణి ఆఫీసులో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నెలకింత చొప్పున కట్టేట్టు కాయితం రాయించిన సందర్భాలు ఎన్నో. ముఠా వాళ్ళతో దించుడు కూలి మాట్లాడేదీ సంఘమే. ఇదంతా కుర్రాళ్ళకి ఎవడు చెప్పాడు? వాళ్ళు చూసింది శాలువాలే కదా, అందుకే రారు.

ముందు ఆ మంగళవారం మార్పించు.

గవర్నరుపేట_టాక్సులు:

బాబాయ్ గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. ఆ "వద్దు" అన్న మాటని వాట్సాప్ గ్రూపులోకి తేకండి. ఫోన్లో అన్నది గాల్లో పోతుంది, గ్రూపులో పెట్టింది స్క్రీన్‌షాట్ అవుతుంది. "నాకు ఫలానా వాడు బాకీ" అని మీ అనుభవం చెప్పుకోవడం వేరు, "వాడికి ఎవరూ సరుకు వెయ్యకండి" అని సంఘం తీర్మానించడం వేరు. రెండోది వ్యాపారంలో పోటీని అడ్డుకోకూడదనే కాంపిటీషన్ యాక్టు 2002 కిందికి వస్తుంది. మందుల షాపుల సంఘాలు "మా ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాయితం) లేకుండా కొత్తవాడికి స్టాకు ఇవ్వొద్దు" అన్నందుకు కాంపిటీషన్ కమిషన్ చేత జరిమానాలు వేయించుకున్నాయి, ఒకసారి కాదు. "రేపట్నుంచి కిలో ఇంతకి తగ్గి అమ్మొద్దు" అన్న మెసేజీకీ అదే తంటా. డిజిటల్ చెయ్యడమంటే పెద్దవాళ్ళ పాత అలవాట్లన్నిటికీ సాక్ష్యం తయారుచెయ్యడం కాకూడదు.

ఇక కుర్రాళ్ళకి ఏం పనికొస్తుందంటారా? ఉద్యం అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్. దాన్ని పట్టుకుని నా దగ్గరికి వారానికొకరు వస్తారు. "ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది కదండీ, 45 రోజుల్లో డబ్బివ్వకపోతే కేసు వేద్దాం" అంటారు. 2021 జులైలో వర్తకుల్ని ఉద్యంలోకి తీసుకున్న మాట నిజం. కానీ అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. ఆలస్యపు చెల్లింపుల మీద ఉన్న రక్షణ తయారుచేసేవాళ్ళకీ సేవలిచ్చేవాళ్ళకీ గానీ, కొని అమ్ముకునేవాళ్ళకి కాదు. 2024లో ఊరంతా హడలిపోయిన ఆదాయపు పన్ను 43బీ(హెచ్) సంగతీ అంతే. మీకు గిన్నెలు చేసి పంపే చిన్న ఫ్యాక్టరీకి మీరు ఒప్పందం ఉంటే ఆ గడువులోగా, మహా అయితే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. మార్చి దాటాక ఇంకా బాకీ ఉంటే, కట్టేదాకా ఆ ఖర్చు మీ లెక్కలో చూపించుకోలేరు. మీ దగ్గర ఉద్దెర పట్టుకెళ్ళినవాడు ఆర్నెల్లు తిప్పినా ఆ చట్టం మీ అక్కరకు రాదు. అటూ ఇటూ నలిగేది హోల్‌సేల్ వాడు. అంచేత బాబాయ్ గారు కాఫీ ఇచ్చి రాయించిన కాయితానికి ఇవాళ్టికీ విలువుంది. ఈ ఒక్క సంగతి కుర్రాళ్ళని కూర్చోబెట్టి చెప్పండి.

మీ సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే బైలా, అంటే సంఘం నియమావళి, కూడా చదవండి. బీరువాలోనే ఉంటుంది, రెండు తాళాలూ ఊళ్ళో ఉన్న రోజున.

బ్రాడీపేట_కారంపొడి:

మాది గుంటూరు. ఇంట్లోనే కారం పట్టించి, పచ్చళ్ళు పెట్టి ఆన్‌లైన్లో అమ్ముతా. మా వైపు సంఘంలో చేరదామని వెళ్ళా. "షట్టర్ ఎక్కడమ్మా?" అన్నారు. జీఎస్టీ సర్టిఫికెట్ చూపించా, అందులో ఉన్నది ఇంటి డోర్ నంబరే. ఆ సర్టిఫికెట్టయినా సరదాకి తీసుకున్నది కాదు. చిన్న అమ్మకందార్లు జీఎస్టీ లేకుండానే ప్లాట్‌ఫాం మీద అమ్ముకోవచ్చని 2023 అక్టోబరు నుంచి ఇచ్చిన వెసులుబాటు మన రాష్ట్రం లోపల అమ్మేవాటికే. హైదరాబాద్ ఇప్పుడు పరాయి రాష్ట్రమాయె, ప్లాట్‌ఫాం మీద అక్కడికి అరకిలో కారం అమ్మాలన్నా జీఎస్టీ ఉండాల్సిందే. అన్నీ విని, "మీవారిని పంపించమ్మా, మాట్లాడతాం" అన్నారు. మావారు లెక్కల మాస్టారు. కారం గురించి ఆయనకి తెలిసింది దగ్గడం ఒక్కటే.

మీ ఊళ్ళోనూ షట్టర్ లేనివాళ్ళు ఉండే ఉంటారు. మేము తొమ్మిది మంది ఆడవాళ్ళం ఇప్పుడు అట్టపెట్టెలు కలిపి ఆర్డరిస్తాం, కొరియర్ వాడితో రేటు కలిసి మాట్లాడతాం. నూనె కారి పార్సిలు తిరిగొస్తే సీసా మూత ఫొటో పెడతాం, ఏ మూతకి సీలు సరిగ్గా పడట్లేదో ఆ సాయంత్రానికల్లా తేలిపోతుంది. పేరు లేదు, బోర్డు లేదు, నెలకి రెండొందలు. మీటింగుకి రాలేదని ఎవరూ అనుకోరు, ఫోన్ ఎత్తకపోతే మాత్రం తిడతారు.

వన్‌టౌన్_స్టీలుకొట్టు:

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నా, పెళ్ళిళ్ళ సీజను.

బాబాయ్ గారూ, మీ మాట చదివాక ఒకటి గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద మీద పడ్డప్పుడు సింగ్‌నగర్ గోడౌన్లో మాకు నడుం లోతు నీళ్ళు. స్టీలుకి నీళ్ళేం చేస్తాయంటారు గానీ, పెట్టె ఊడి బురద పట్టిన కుక్కర్ని కొత్తదని ఎవడు కొంటాడు? పక్క గోడౌను మా కోశాధికారి గారిదే. ఆయన స్టాకు పుస్తకం తడిసి కాయితాలు అట్లలా అంటుకుపోయాయి. ఇన్సూరెన్సు సర్వేయరేమో ఆగస్టు 31 నాటి స్టాకు చూపించమంటాడు. జీఎస్టీ పోర్టల్లో ఆయన నెలవారీ 2బీలు, అంటే ఎవరి దగ్గర ఎంత కొన్నదీ చూపించే పట్టీలు, దింపి, పాత నిల్వకి ఆ కొనుగోళ్ళు కూడి, అమ్మకాలు తీసేసి, రెండు రాత్రుళ్ళు కూర్చుని లెక్క తేల్చాం. చేసింది ఎవరనుకున్నారు? ఇప్పుడు సంఘానికి రానంటున్న కుర్రాళ్ళే, పన్నెండు మంది. ఎవరూ పిలవలేదు. ఆఫీసు మేడ మీదే పడుకున్నారు.

మొన్న ఆ మంగళవారం సమావేశాన్ని మార్పించా. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి, విషయం ఒక్కటే: ఉద్దెర బాకీలు. గవర్నరుపేట సార్ చెప్పిన 45 రోజుల సంగతి చెప్పా. పదకొండు మంది వచ్చారు, ఇద్దరు మధ్యలో లేచిపోయారు. పక్క కొట్టువాడు రాలేదు. అధ్యక్షులు మొదటి ఇరవై నిమిషాలు 1990ల గురించి మాట్లాడారు, దానికి నేనేం చెయ్యలేను.

యాప్ తీసేశా. క్యూఆర్ కోడు మాత్రం రసీదు పుస్తకం అట్టకి అతికించాం. నా చందా కొట్టా, డబ్బు పడ్డట్టు కోశాధికారి గారి ఫోను మోగింది. ఆయన కార్బన్ సర్దుకున్నారు.

బ్రాడీపేట అక్కా, బైలా దొరికింది. సభ్యత్వం దగ్గర "బజారులో దుకాణము గలవారు" అని ఉంది. దాని బదులు "జీఎస్టీ గానీ ఉద్యం గానీ ఉన్నవారు" అని మార్చమని రాసిపెట్టా. మీ తొమ్మిది మందిలో ఆ రెండూ లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?

బ్రాడీపేట_కారంపొడి:

నలుగురు. అట్టపెట్టెల డబ్బు అందరికంటే ముందు కట్టేది ఆ నలుగురే.