అప్‌డేట్: ఎకరాలు, గుంటల లెక్కల భాషకు చివరికి ఓకామెల్

పోయిన నెల అడిగాను కదా, నల్గొండలో నాన్న చేసే భూమి లెక్కల కోసం తెలుగు మాటలతో ఒక చిన్న కంప్యూటర్ భాష రాయాలి, దాన్ని ఏ ప్రోగ్రామింగ్ భాషలో కట్టాలి, హాస్కెలా, ఓకామెలా, రాకెట్టా అని. మూడూ చూశాను. రాకెట్ రెండు రోజులే. బాగుంది కానీ ఆ బ్రాకెట్లు నాకు ఎక్కలేదు.

హాస్కెల్‌లో మెగాపార్సెక్ (రాసిన వాక్యాన్ని రూల్స్ ప్రకారం విడదీసి అర్థం చేసుకునే లైబ్రరీ) మొదట తెగ నచ్చింది. ఎర్రర్ మెసేజ్‌లు చక్కగా ఇస్తుంది. కానీ "కూడిక అంటే కూడిక ప్లస్ పదం" అని రూల్ రాశానో లేదో, ప్రోగ్రామ్ తనను తానే పిలుచుకుంటూ కూర్చుంది. తప్పు నాదే, ఇలా రూల్ తన పేరుతోనే మొదలవడం, అంటే లెఫ్ట్ రికర్షన్, దానికి పడదు. ఓకామెల్‌లో అదే పని చేసే మెన్‌హిర్‌లో ఆ రూల్ అలాగే నడిచింది.

అసలు తంటా ఓకామెల్‌లెక్స్‌తో వచ్చింది, అంటే రాసినదాన్ని ముందుగా మాటలుగా, అంకెలుగా విడగొట్టే టూల్‌తో. అది అక్షరాలు కాదు, బైట్లు లెక్కపెడుతుంది. కంప్యూటర్‌లో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికైనా గుణింతం గుర్తుకైనా 3 బైట్లు. "గుంట" ఒక్కటే 12 గడులుగా లెక్కపడి, ఎర్రర్ చూపించే చోటు పక్కకు జరిగిపోయేది! బైట్లు కాకుండా యూనికోడ్ అక్షరాలు చూసే సెడ్‌లెక్స్ అనే టూల్‌కి మారాక ఆ గొడవ తగ్గింది.

నిన్న "2 ఎకరాల 15 గుంటలు + 30 గుంటలు" కొడితే 3 ఎకరాల 5 గుంటలు వచ్చింది (ఎకరానికి 40 గుంటలు). నాన్న మాత్రం కాగితం మీద మళ్లీ వేసి చూసుకున్నాడు.