శాకాహారి అయిన అమ్మను, కారం ఇష్టపడే నాన్నగారిని మెక్సికన్ భోజనానికి తీసుకువెళితే ఏమి తెప్పించాలి?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా వీధి చివర ఒక కుటుంబం నడుపుకొనే చిన్న మెక్సికన్ రెస్టారెంటు ఉంది. ఆరు బల్లలకు మించి లేవు. భర్త వంట చూసుకుంటారు, భార్య వడ్డిస్తారు, ఆయన తల్లిగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. నేను మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ తృప్తిగా తిని వచ్చాను. వచ్చే ఆదివారం ఒంగోలు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వారికి ఆ భోజనం రుచి చూపించాలని నా కోరిక. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్నగారు మాంసం తింటారు కానీ, కారం లేకపోతే ఆయనకు భోంచేసినట్టే ఉండదు. అమ్మకు ఏవి పనికివస్తాయి, ముందుగా ఏమేమి అడిగి తెలుసుకోవాలి, నాన్నగారికి ఏది నచ్చుతుంది? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఇందిరానగర్)

ముందు అమ్మగారి సంగతి చూద్దాం. మెక్సికోలో ఉడికించిన బీన్స్‌ను మెదిపి వేయించే వంటకాన్ని సంప్రదాయంగా పంది కొవ్వుతో చేస్తారు. టమాటా వేసి వండే ఎర్రటి అన్నానికి కోడిమాంసం ఉడికించిన నీటిని ఎసరుగా పోయడం కూడా అక్కడ మామూలే. రెండింటిలోనూ మాంసం ముక్క కంటికి కనబడదు కాబట్టి, ‘ఇది శాకాహారమేనా’ అని అడిగి ఊరుకోకండి. బీన్స్ దేనిలో వేయించారు, అన్నానికి ఎసరు ఏమి పోశారు అని విడివిడిగా అడగండి. నాలుగేళ్ళ క్రితం ఒకచోట మా అత్తగారు సగం అన్నం తిన్న తరువాత గాని ఆ ఎసరు సంగతి మాకు తెలియలేదు. ఆవిడ చెయ్యి కడుక్కొని మౌనంగా కూర్చున్న తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చిక్కటి క్రీములాంటి సాసులలో మయొనైజ్ కలుస్తుంది, అందులో గుడ్డు ఉండవచ్చు కనుక అదీ అడగండి.

గ్వాకమోలే విషయంలో మాత్రం ఏ సందేహమూ అక్కరలేదు. బెంగళూరులో మనం పంచదార వేసి జ్యూస్‌గా తాగే బటర్ ఫ్రూట్‌నే ఉప్పు, నిమ్మరసం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి మెదుపుతారు. అమ్మగారు మొదటి ముద్దకే అది పచ్చడి అని గుర్తుపడతారు.

జవాబు (హెచ్.ఎస్.ఆర్. లేఔట్)

నాన్నగారికి హాలపెన్యో అనే మెక్సికన్ పచ్చిమిర్చి చాలదు. దాని ఘాటు స్కోవిల్ కొలతలో 2,500 నుంచి 8,000 వరకు ఉంటే, మన గుంటూరు సన్నం మిరపకాయది 35,000కు తక్కువ ఉండదని చెబుతారు. హబనేరో అనే మరో మిరపకాయది 1,00,000 దాటుతుంది; దానితో చేసిన సాల్సా ఉందేమో అడిగి, విడిగా ఒక చిన్న గిన్నెలో తెప్పించండి. మిరపకాయ పుట్టిల్లే ఆ ప్రాంతం, పోర్చుగీసువారు తెచ్చేదాకా మన వంటలలో అది లేదు. ఈ సంగతి చెబితే నాన్నగారు ఆ భోజనాన్ని పరాయిదిగా చూడరని నా నమ్మకం. సాల్సా కూడా అచ్చంగా రోటి పచ్చడే. టమాటాలు, వెల్లుల్లి, మిరపకాయలు పెనం మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి, మూడు కాళ్ళున్న రాతి రోటిలో నూరుతారు. తాలింపు ఉండదు, పులుపుకు చింతపండు బదులు నిమ్మరసం పిండుతారు, అంతే తేడా.

జవాబు (వైట్‌ఫీల్డ్)

టోర్టియా, అంటే అక్కడి పలుచని రొట్టె, గోధుమపిండిది కాకుండా మొక్కజొన్నది అడగండి. గోధుమవి ఉత్తర మెక్సికో అలవాటు; టోర్టియాలో కూర పెట్టి మడిచే టాకోను విల్లులా వంచి, పసుపు రంగులో కరకరలాడేలా వేయించడం అమెరికాలో వ్యాపించిన పద్ధతి. అసలైన పద్ధతిలో మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి, తడిగా ఉండగానే రుబ్బుతారు. సున్నం వల్లనే ఆ పిండి విరగకుండా సాగుతుంది, గింజలోని నియాసిన్ అనే విటమిన్ కూడా మన ఒంటికి పడుతుంది. జొన్నరొట్టెకు వేడినీళ్ళు పోసి పిండి కలిపే అమ్మగారికి ఈ తేడా మనకంటే బాగా అర్థమవుతుంది. వీలైతే వంటగదికి దగ్గరగా ఉన్న బల్ల తీసుకోండి. నిమ్మకాయంత ఉండను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి నొక్కి, పెనం మీద రెండుసార్లు తిప్పగానే అది పుల్కాలా పొంగుతుంది. వెంటనే తీసి గుడ్డలో చుడతారు. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి, అన్నీ ఒకేసారి తెప్పించకుండా రెండేసి చొప్పున చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం గిరాకీ లేని వేళ చూసి వెళ్ళి, మీరు చెప్పినవన్నీ అడిగాను. బీన్స్ వేరుశెనగ నూనెతోనే చేస్తున్నారు, సాసులో గుడ్డు లేదు. అన్నం గురించి అడగగానే గల్లాపెట్టె దగ్గరున్న పెద్దావిడే జవాబిచ్చారు. ఆదివారం కోడి ఎసరుతోనే వండుతారని, మీ అమ్మగారికి అది పెట్టవద్దని స్పష్టంగా చెప్పారు. అరగంట ముందు ఫోన్ చేస్తే మంచినీళ్ళతో విడిగా ఒక గిన్నె వండి ఉంచుతామన్నారు. పన్నెండింటికి వస్తామని చెప్పి, వంటగది పక్క బల్ల మాకోసం ఉంచమని అడిగి వచ్చాను.