అప్‌డేట్: ముడసర్లోవ దగ్గర దీపం కింద వాలిన మేఫ్లై ఏదో తేలింది

విశాఖపట్నంలోని ముడసర్లోవ రిజర్వాయర్ దగ్గర మా ఇంటి వరండా గోడ మీద వాలిన రెండు తోకల మేఫ్లై (నీళ్లలో పెరిగి, రెక్కలొచ్చాక కొద్దికాలమే బతికే పురుగు) ఫోటో ఇంతకుముందు ఇక్కడ పెట్టి, ఇది ఏ జాతి అని అడిగాను. పైనుంచి తీసిన ఫోటో చాలదు, పక్క నుంచి రెక్క మొత్తం కనిపించాలి అని మీలో కొందరు అన్నారు. ఆ సలహాకు చాలా థాంక్స్ అండీ, దానివల్లే పని అయింది.

కొత్త ఫోటోల్లో వెనక రెక్కలు అసలు లేవు. తోకలు రెండే, కాబట్టి మూడు తోకలుండే కేనిస్ అనే మేఫ్లై రకం కాదు. మాక్రో లెన్స్‌తో చూస్తే ముందు రెక్క అంచున, పెద్ద ఈనెల మధ్య, పొట్టి ఈనెలు ఒక్కొక్కటే ఉన్నాయి. బీటిస్ అనే ఇంకో మేఫ్లై రకంలో అయితే అవి జంటలుగా ఉంటాయి. మగదాని కళ్ల పైభాగం తలపాగా చుట్టినట్టు పైకి లేచి ఉంది, అంటే బీటిడే కుటుంబమే. ఇవన్నీ కలిపితే ఆ కుటుంబంలోని క్లోయాన్ ప్రజాతి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపు) అనిపిస్తోంది. నిలవ నీళ్లలో పెరిగే రకం కాబట్టి చోటు కూడా సరిపోయింది.

జాతి పేరు మాత్రం ఫోటోతో తేలదు. మగదాని పొట్ట చివరి భాగాలను మైక్రోస్కోప్‌లో చూడాల్సిందే. దానికోసం పురుగుని చంపాలని నాకు లేదు.

మసక రెక్కలున్న ఇంకోదాన్ని వేరే రకం అనుకోకండి. అది పూర్తిగా ఎదగని దశ. రాత్రి గోడ మీదే పొర విడిచింది, తెల్లారేసరికి రెక్కలు గాజులా మెరుస్తున్నాయి. ఎగిరే రెక్కలొచ్చాక కూడా పొర విడిచే కీటకాలు ఇవి మాత్రమే! ఆ ఫోటోలు కూడా జత చేశాను.