1987 మడొన్నా క్యాలెండర్ దొరికింది, విడదీసి ఫ్రేమ్ కట్టించనా?

పాతకాగితం, బెంగళూరు:
అవెన్యూ రోడ్‌లో పాత పుస్తకాల కింద పాప్ సింగర్ మడొన్నా 1987 క్యాలెండర్ దొరికిందండీ, పెద్ద సైజు, పైన స్పైరల్, నెలకో ఫొటో. ఇంట్లోవాళ్లు పేజీలు విడదీసి ఫ్రేములు కట్టించమంటున్నారు, నాకేమో చేతులు రావట్లేదు. ఇంకో డౌటు, కొన్ని నెలల్లో చెదిరిన జుట్టు, లేస్ గ్లౌజులు, మెడనిండా గొలుసులు, కొన్నిట్లో పొట్టి క్రాపు, నల్ల లెదర్ జాకెట్. ఒకే ఏడాదిలో ఇంత తేడా ఏంటి? ఇది ఒరిజినలేనా?

లేస్‌గ్లౌజ్:
87 క్యాలెండర్‌లో ఉండేవి 87 ఫొటోలు కాదండీ, ముందు ఏడాదే ప్రెస్సుకి వెళ్లిపోవాలి కదా, అందుకే 85, 86వి కలిసిపోయి ఉంటాయి. ఆ లేసు, రబ్బరు బ్రేస్‌లెట్లు, సిలువ గొలుసులు 84-85 నాటివి, మారిపోల్ అనే స్టైలిస్ట్ చేతి పని. పొట్టి జుట్టు 86లో ట్రూ బ్లూ ఆల్బమ్ టైముది, తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్న ఆ కవర్ ఫొటో హెర్బ్ రిట్స్ తీశాడు. ఒక స్టైల్ వదిలేసి ఇంకోదాంట్లోకి వెళ్తున్న మనిషి మొత్తం పన్నెండు పేజీల్లో వరసగా కనిపిస్తుంది, విడదీస్తే అదే పోతుంది, దయచేసి చింపకండి. ఫొటో పక్కన సన్న అక్షరాలు వెతకండి, ఫొటోగ్రాఫర్ పేరు గానీ ఏజెన్సీ పేరు గానీ ఉండొచ్చు. అన్నీ చేతిలో మైకు ఉన్న స్టేజీ ఫొటోలే అయితే అనఫీషియల్ క్యాలెండర్ అయ్యే ఛాన్సు ఎక్కువ.

ప్లేట్‌మేకర్, చెన్నై:
బ్రదర్, భూతద్దం పెట్టి ఫొటో కాదు, తేదీల అంకెలు చూడు. ఒరిజినల్‌లో నల్ల అంకె నిండుగా, అంచు కోసినట్టు ఉంటుంది, స్కాన్ చేసి మళ్లీ వేసిందైతే అంకె కూడా చుక్కలు చుక్కలుగా, అంచు మసగ్గా కనిపిస్తుంది. లామినేషన్ మాత్రం వద్దు, ఒకసారి అంటుకుంటే ఊడదు. ఎండ తగిలితే ముందు ఎరుపు, పసుపు పోతాయి, మొహం నీలంగా మిగుల్తుంది. ఫ్రేమ్ కావాలంటే మంచి స్కాన్ తీయించి ఆ ప్రింటు కట్టించుకో.

కాఫీకప్పు:
1987, 2026 రెండూ గురువారంతోనే మొదలవుతాయి, రెండూ లీపు కావు, వారాలు అచ్చంగా సరిపోతాయి. ఎండ పడని గోడకి అలాగే తగిలించేయండి.

పాతకాగితం:
చూశానండీ, అంకెలు నిండుగా ఉన్నాయి! ఫొటోల పక్కన పేరు ఏజెన్సీదే, కానీ స్టూడియో ఫొటోలు కూడా ఉన్నాయి. పడగ్గదిలో కిటికీ లేని గోడ ఉంది, రేపే మేకు కొట్టిస్తా.