పద్నాలుగు మంది టీమ్‌కు ఏ ఏఎల్ఎం టూల్ (రిక్వైర్‌మెంట్ నుంచి రిలీజ్ దాకా సాఫ్ట్‌వేర్ పనిని నడిపేది)? నాలుగింటికీ మార్కులు ఒకేలా వస్తున్నాయి

అనంతపురం_టెస్టర్:
అందరికీ నమస్తే. అనంతపురంలో చిన్న టీమ్: 9 మంది డెవలపర్లు, 3 టెస్టర్లు, 2 బీఏలు (బిజినెస్ అనలిస్టులు). పెనుకొండ వైపు కారు విడిభాగాలు చేసే కంపెనీలకు స్టాకు, డిస్పాచ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. రిక్వైర్‌మెంట్లు షీట్‌లో, బగ్గులు వాట్సాప్‌లో ఉన్నాయి. ఈ రిక్వైర్‌మెంట్‌కు ఏ టెస్టు రాశారు, ఏ రిలీజ్‌లో వెళ్లింది అని ఇప్పుడు కస్టమర్ ఆడిట్‌లో అడుగుతున్నారు. చూస్తున్న టూళ్లు నాలుగు: జిరా క్లౌడ్, అజూర్ డెవాప్స్, సొంత సర్వర్‌లో గిట్‌ల్యాబ్ ఫ్రీ, రెడ్‌మైన్. 40 ఫీచర్లు రాసుకుని ఒక్కోదానికి 5కి మార్కులు వేసి సగటు తీస్తే నాలుగూ 3.4, 3.8 మధ్యే ఉన్నాయి. ఎలా తేల్చాలి?

కర్నూలు_డెవాప్స్:
40 వరుసల సగటు తీస్తే ఎవరికైనా అట్లే వస్తుందన్నా. డార్క్ మోడ్‌కూ ట్రేసబిలిటీకీ (రిక్వైర్‌మెంట్ నుంచి టెస్టు, రిలీజ్ దాకా జాడ పట్టగలగడం) ఒకే విలువ పడుతోంది కదా. ముందు మార్కులు లేని వడపోత పెట్టండి, అవును లేదా కాదు అంతే. రిక్వైర్‌మెంట్, టెస్టు, డిఫెక్టు, రిలీజ్ ఒకదానికొకటి లింక్ అవుతాయా? ఎవరు ఏది ఎప్పుడు మార్చారో చరిత్ర ఉంటుందా? డేటా మొత్తం బయటికి తీసుకోగలమా? ఒక్కటి కాదన్నా ఆ టూల్ పక్కకే.

మిగిలినవాటికి ఏడు ప్రమాణాలు చాలు. ఒక్కోదానికి ప్రాముఖ్యాన్ని బట్టి బరువు ఇవ్వండి, అన్నీ కలిపితే 100 రావాలి. మీ పరిస్థితికి నేనైతే ఇట్లా వేస్తా: ట్రేసబిలిటీ 25, గిట్-సీఐ (కోడ్ భద్రపరచడం, మార్చినప్పుడల్లా ఆటోమేటిక్‌గా పరీక్షించడం) 20, టెస్టు నిర్వహణ 15, వాడకంలో సులువు 15, డేటా ఎగుమతి 10, పర్మిషన్లు 10, రిపోర్టులు 5. బరువును మార్కుతో గుణించి 5తో భాగించాలి. ట్రేసబిలిటీలో 4 వస్తే 20 పాయింట్లు.

అసలు తేడా వచ్చేది మార్కుకు అర్థం ముందే రాసిపెట్టినప్పుడు. ట్రేసబిలిటీ తీసుకోండి. వివరణలో నంబరు టైపు చేయడమే దారి అయితే 1. లింకులున్నా మ్యాట్రిక్స్ (ఏ రిక్వైర్‌మెంట్‌కు ఏ టెస్టు అనే పట్టిక) ఎక్సెల్‌లో చేసుకోవాల్సి వస్తే 3. టెస్టు లేని రిక్వైర్‌మెంట్లు ఏవో ఒక్క రిపోర్టులో చూపిస్తే 5. ఇది లేకపోతే ఒకరి 3 ఇంకొకరికి 4. ఇంకో మాట, మొత్తంలో ఒకచోటి సున్నాను ఇంకోచోటి 5 కప్పేస్తుంది. అందుకే 15, ఆపైన బరువున్న ప్రమాణాల్లో దేనికైనా 2 కంటే తక్కువ వస్తే మొత్తం ఎంతున్నా తీసేయండి.

ధరను ఈ వందలో కలపొద్దు. విడిగా పక్కన రాయండి.

కడప_క్యూఏ:
పై మాటకు తోడుగా: సేల్స్ డెమో చూసి మార్కులు వేయకండి. నాలుగింటిలోనూ ఒకే పని చేయించండి. 10 రిక్వైర్‌మెంట్లు, 25 టెస్టులు ఎక్కించాలి. ఒక బ్రాంచ్ (కోడ్‌కు విడి పాయ) తీసి మెర్జ్ చేసి (అసలు కోడ్‌లో కలిపి), పైప్‌లైన్‌ను (ఆటోమేటిక్‌గా నడిచే బిల్డ్, టెస్టుల వరుస) కావాలనే ఫెయిల్ చేయాలి. ఒక బగ్గు మూసి మళ్లీ తెరవాలి. తర్వాత ఒక రిక్వైర్‌మెంట్ మార్చి, ఏ టెస్టులు మళ్లీ చూడాలో టూల్ చెబుతుందో లేదో గమనించండి. చాలా టూళ్లు తేలిపోయేది ఇక్కడే. డెవలపర్, టెస్టర్, బీఏ విడివిడిగా మార్కులేయాలి. రెండు పాయింట్ల తేడా వస్తే సగటు తీయకుండా కూర్చుని మాట్లాడుకోండి, సాధారణంగా ఒకరు చూడని స్క్రీన్ ఇంకొకరు చూసి ఉంటారు.

మీ జాబితాలో తెలిసినంత చెప్తా. జిరాలో టెస్టు నిర్వహణ సొంతంగా లేదు, ఎక్స్‌రే, జెఫిర్ లాంటి యాప్ కావాలి. క్లౌడ్‌లో ఆ యాప్ బిల్లు టెస్టర్లకు మాత్రమే కాదు, జిరా వాడే 14 మందికీ పడుతుంది. జిరా ఉచిత ప్లాన్ 10 మంది వరకే. 11వ మనిషి చేరితే అందరికీ కట్టాలి. గిట్‌ల్యాబ్‌లో రిక్వైర్‌మెంట్ల నిర్వహణ అల్టిమేట్ ప్లాన్‌లో ఉంది. ఫ్రీలో ఇష్యూల మధ్య 'సంబంధం ఉంది' అనే లింకే ఉంటుంది, మెర్జ్‌కు ఆమోదం తప్పనిసరి చేయడమూ కుదరదు. రెడ్‌మైన్‌లో ఇష్యూ సంబంధాలు, కమిట్ (కోడ్ మార్పు) లింకులు బాగుంటాయి. టెస్టులకు ప్లగిన్ కావాలి, వెర్షన్ పెంచినప్పుడు మొదట విరిగేవి ఆ ప్లగిన్లే.

అనంతపురం_టెస్టర్:
థాంక్స్ అన్నా, మేడమ్. బరువుల దగ్గరే చిక్కు. మా మేనేజర్ సార్‌కు అన్నీ 'చాలా ముఖ్యం'. అజూర్ ఖర్చు కూడా చెప్పగలరా?

కర్నూలు_డెవాప్స్:
సార్‌కు 100 పాయింట్లిచ్చి పంచమనండి. ఒకదానికి పెంచాలంటే ఇంకోదానికి కోయాల్సిందే. శాటీ పద్ధతిలో (ఏహెచ్‌పీ) ప్రమాణాలను రెండేసి జతలుగా పోల్చి బరువులు తేల్చొచ్చు గానీ ఏడు ప్రమాణాలకు 21 పోలికలవుతాయి, పైగా కన్సిస్టెన్సీ నిష్పత్తి (ఆ పోలికలు ఒకదానితో ఒకటి ఎంత పొసగడం లేదో చెప్పే అంకె) 0.10 లోపుండాలి. పద్నాలుగు మంది టీమ్‌కు అంత దండగ.

బరువులు పెట్టాక కదిలించి చూడండి. ఒక టూల్‌కు ట్రేసబిలిటీలో 5, సులువులో 2 వచ్చాయనుకోండి. ఇంకోదానికి 3, 5. బరువులు 25, 15 అయితే 31, 30, మొదటిది పైన. 20, 20 చేస్తే 28, 32, తారుమారు. ఇట్లా తిరగబడితే ఆ రెండూ సమానమే అనుకుని ధరతో తేల్చండి.

కడప_క్యూఏ:
అజూర్‌లో మొదటి 5 బేసిక్ సీట్లు ఉచితం, ఆపైన నెలకు ఒక్కొక్కరికి 6 డాలర్లు. టెస్ట్ ప్లాన్స్ ఉన్న సీటు 52 డాలర్లు. ముగ్గురు టెస్టర్లకూ అదే తీసుకుంటే 156, ఉచిత 5 పోను మిగతా 6 మందికి 36, మొత్తం 192 అవుతుంది. నిజానికి ప్లాన్లు తయారు చేసేవాళ్లకే అది కావాలి, టెస్టు నడపడానికి బేసిక్ చాలు. ఒక్కరికే తీసుకుంటే 52, మిగతా 8 మందికి 48, మొత్తం 100. ఇవి జాబితా ధరలు, కొనేముందు ఒకసారి సరిచూసుకోండి. విదేశీ కంపెనీ బిల్లయితే రివర్స్ చార్జ్ (అమ్మేవాళ్ల బదులు కొనేవాళ్లే పన్ను కట్టడం) కింద 18 శాతం ఐజీఎస్టీ మీరే కట్టి, అర్హత ఉంటే క్రెడిట్ తీసుకోవాలి. కార్డు ఆటో-డెబిట్ 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడుగుతుంది. అకౌంటెంట్ సెలవులో ఉంటే సబ్‌స్క్రిప్షన్ ఆగుతుంది.

సొంత సర్వర్ ఉచితం అనుకోవద్దు. గిట్‌ల్యాబ్ బ్యాకప్ కమాండ్ సీక్రెట్స్ ఫైలును (రహస్య కీలు ఉండేది), కాన్ఫిగ్ ఫైలును (సెట్టింగులు ఉండేది) తీసుకోదు, అవి విడిగా దాచాలి. సీక్రెట్స్ ఫైలు పోతే సీఐ వేరియబుల్స్ (పైప్‌లైన్ వాడే పాస్‌వర్డ్‌ల లాంటివి), రెండంచెల లాగిన్ వివరాలు పోయినట్టే. అప్‌గ్రేడ్ కూడా మధ్య వెర్షన్ల మీదుగానే వెళ్లాలి, ఒకేసారి దూకలేం. రెడ్‌మైన్‌కు డేటాబేస్‌తో పాటు ఫైల్స్ ఫోల్డర్ కాపీ చేస్తే సరిపోతుంది. బ్యాకప్ తీయడం కాదు, ఇంకో మిషన్‌లో తిరిగి లేపి చూసినప్పుడే దాన్ని నమ్మండి.