కోళ్ల గూడు రేకుకు థర్మాకోల్ వేయాలా, వద్దా?

పెరటికోళ్లు: పన్నెండు కోళ్లున్న గూడు. నాలుగు పక్కలా చెక్క, పైన రేకు. మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం. కోళ్లు రెక్కలు విడదీసి, నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. రేకు కింద థర్మాకోల్ కొడదామనుకుంటున్నా. ఎంత మందం వేయాలి?

శ్యామల_తోట: రెండంగుళాలు వేయండి. కింద ప్లైవుడ్ మాత్రం తప్పనిసరి. థర్మాకోల్ కళ్లబడితే కోళ్లు పొడిచి తినేస్తాయి. మా గూట్లో వారంలో అరచేయంత మేర గుల్ల చేశాయి. రెట్టలో తెల్ల పూసలు కనిపించాకే నాకు తెలిసింది.

సన్నకారు_రైతు: థర్మాకోల్ జోలికి పోకండి. నేను వేశాను. ఏడాదికి పలక విప్పితే లోపలంతా ఎలుకల సొరంగాలు, ఓ మూల కళ్లు తెరవని పిల్లలు. రేకుకు తెల్ల సున్నం కొట్టండి, గోడల చోట జాలీ పెట్టండి. కోడికి చెమట పట్టదు, ఒంటి వేడే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. రొప్పి, ఆ తేమ ఆవిరైతేనే చల్లబడుతుంది. మూసిన గూట్లో ఆ ఆవిరి ఎటు పోతుంది?

కొత్తపెట్ట: వెండి ఫాయిల్ చాలదా?

శ్యామల_తోట: ఫాయిల్‌కి ఒక పక్కనైనా ఖాళీ ఉండాలండీ. రేకుకీ ప్లైవుడ్‌కీ మధ్య నొక్కేస్తే పనిచేయదు. రైతు గారూ, ఆయన అడిగింది ఎండ గురించి, మీరు ఎలుకల దగ్గరే ఆగిపోయారు. అంచులకు సన్న జాలీ బిగిస్తే ఎలుక దూరదు.

సన్నకారు_రైతు: బిగించాననే చెబుతున్నా!

గుడ్లబుట్ట: థర్మాకోల్‌కి నిప్పంటుకుంటే ఆగదు. బల్బు వైర్లు దూరంగా ఉంచండి.

సన్నకారు_రైతు: ఎలుకలొక్కటే కాదు. ఓ చలికాలం ఇలాంటి సలహా విని కిటికీలతో సహా అన్నిటికీ పలకలు కొట్టాను. తెల్లవారి తలుపు తీస్తే అమ్మోనియా ఘాటుకు నా కళ్లే మండాయి. చెక్కల లోపలి పక్క నీటి చుక్కలు. కోళ్లకు ముక్కులు కారాయి, ఎనిమిదింటిలో రెండు పోయాయి. అవి నేను గుడ్డు నుంచి పెంచినవి.

శ్యామల_తోట: గాలి మూయమని నేనెక్కడ అన్నాను? మాటిమాటికీ జాలీ అంటున్నారు కదా, మాది జాలీ గూడే ఒకప్పుడు. రాత్రి కుక్క చింపుకుని లోపలికొచ్చింది. పొద్దున వెళ్తే జాలీ కంతల నిండా ఈకలు. నాలుగు పెట్టలు. అందుకే గోడ తీసేయమంటే నాకు కోపం వస్తుంది.

సన్నకారు_రైతు: ఆ సంగతి ముందే చెప్పాల్సిందమ్మా. మీది ఆరు మూలల కంతలుండే సన్న తీగ కోళ్ల వల అయ్యుంటుంది. అది కోళ్లను లోపల ఆపుతుంది గానీ కుక్కని ఆపలేదు. నేననేది అరంగుళం కంతల వెల్డింగ్ జాలీ.

శ్యామల_తోట: ఏ జాలీ అయినా, రాత్రి చుట్టూ చెక్క లేకపోతే నాకు నిద్ర పట్టదు.

సన్నకారు_రైతు: నాకు చెక్క ఉంటే పట్టదు. ఆ ఘాటు మరిచిపోలేను.

పెరటికోళ్లు: పైకప్పుకు థర్మాకోల్, కింద ప్లైవుడ్ వేస్తాను. ఎదురెదురు గోడల్లో పై అడుగు మేర కోసి వెల్డింగ్ జాలీ బిగిస్తాను. ఒప్పుకుంటారా?

శ్యామల_తోట: పగటికి జాలీ తలుపు, రాత్రికి దానిమీద చెక్క తలుపు పెట్టుకోండి.

సన్నకారు_రైతు: కోసే ముందు, కర్ర మీద కూర్చున్న కోడి తల ఎత్తు కొలవండి. చలికాలంలో గాలి దాని పైనుంచి పోవాలి, ఒంటికి తగలకూడదు.